ఏరి చేర్చుకొనే బడులు – మన పాలమూరు బిడ్డలు

మన అధ్యక్ష మండల శతవార్షిక సంచికకు వ్యాసము వ్రాయవలసి వచ్చినప్పుడు, గుడుల కట్టడములను గూర్చి, గంటలను గూర్చి, మొదటి బాప్తిస్మములను గూర్చి వ్రాసేవారు పలువురుంటారని తలచి, మేము బడిని ఎంచుకొన్నాము. అందునా అన్ని బడులను గూర్చి కాదు. పరీక్ష పెట్టి, చురుకైన పిల్లలను ఏరి చేర్చుకొనే ఉన్నత పాఠశాలలను గూర్చి మాత్రమే. శ్రీరంగాపూర్, పెబ్బేరు, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతముల సంఘస్థులు పాస్టరుగారు కనబడినా, పంతులుగారు కనబడినా అడిగే మాట ఒకటున్నది: "అయ్యగారూ, మా పోరనికి నవోదయల సీటొస్తదా? గురుకులంలనన్న దొరుకుతదా?" ఆ ప్రశ్న వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది.

ఏరడమంటే కొందరిని విడిచిపెట్టడమే. మరి అట్టి బడి గొప్ప బడిగా ఉంటూనే అందరి బడిగా ఉండగలదా? మా అభిప్రాయము ముందే చెప్పివేస్తాము. ఉండగలదు. అయితే దానికి పరీక్ష పత్రము చాలదు. పరీక్ష గది వరకు ఎవరెవరు రాగలిగారు, చేరినవారిని బడి ఎట్లు చూచుకొన్నది – ఈ రెండు సంగతుల మీదనే అంతా ఆధారపడి ఉన్నది.

మన ప్రాంతమునకు ఎంపిక కొత్త కాదు. గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల అని పేరు. కార్తిక, మాఘ మాసములలో దూరదేశముల నుండి పండితులు వచ్చి, సభలో తమ విద్యను చూపి, వార్షికములు, సన్మానములు పొంది వెళ్లేవారు. వనపర్తి సంస్థానాధీశులు కూడ పండిత పోషకులే. శ్రీరంగాపూర్‌లో రంగసముద్రము చెరువు ఒడ్డున శ్రీరంగనాయకస్వామి ఆలయము కట్టించినది వారే. ఆ సభలలో తక్కువ సరుకు చెల్లేది కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఆ సభా ద్వారము దాకా నడచి రాగలవారు ఎవరు? చెరువు మట్టి మోసినవారి పిల్లలకు అక్షరమే అందలేదు. అచ్చట శ్రేష్ఠత ఉన్నది, వాకిలి లేదు.

నిజాము పాలనలో మరొక అడ్డు ఏర్పడింది. ఉన్నత విద్య ఉర్దూలో సాగేది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైతము ఉర్దూలోనే బోధించింది. దేశభాషలో విశ్వవిద్యాలయము నడపడము ఆ కాలమునకు గొప్ప సాహసమే. కాని ఇంటిలో తెలుగు తప్ప ఎరుగని పల్లె పిల్లవానికి ఆ భాషయే ఒక ప్రవేశ పరీక్ష అయింది. 1923లో జాగీర్దారుల కుమారుల కొరకు హైదరాబాదులో జాగీర్దార్స్ కాలేజి పెట్టారు. అక్కడ పుట్టుకయే అర్హత. జాగీరులు రద్దయిన తరువాత అదే బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారింది.

అక్షరము లేని వాడలకు మొదట దారి తీసినది మిషను బడి. ఇది మనవాళ్లని గొప్పకు చెప్పే మాట కాదు. ఈ పాలమూరు సీమలో ఎక్కువగా పాటుపడినవారు అమెరికన్ బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనెరీలు. మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాలలో వారి స్టేషన్లు ఉండేవి. మెదకు వైపున వెస్లియన్ మిషనుకు చెందిన పాస్నెట్ దొరగారు, దోర్నకల్ వైపున 1912లో బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు ఇదే పని చేశారు. ఆంగ్లికను సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు అజరయ్యగారే.

ఆ బడుల పద్ధతిని కొంచెము నిదానముగా చూడవలసి ఉన్నది. మాదిగవాడలోనో, మాలవాడలోనో ఉపదేశిగారి ఇంటి ముందు రాత్రి బడి. పగలంతా పశువులు కాచిన పిల్లవాడు రాత్రి దీపము చుట్టూ కూర్చుండి ఓనమాలు దిద్దేవాడు. వారిలో కొందరిని మిషను స్టేషనులోని బోర్డింగుకు పంపేవారు. బోర్డింగు నుండి కొద్దిమంది హైస్కూలుకు వెళ్లేవారు. ఆ పైన ఉపాధ్యాయ ట్రెయినింగుకో, నర్సు ట్రెయినింగుకో ఇంకా కొద్దిమంది. ప్రతి మెట్టు దగ్గర ఏరడమే. బోర్డింగు కఠినముగా కూడ ఉండేది. పిల్లలు నీళ్లు మోయాలి, తోటపని చేయాలి. ఇంటి బెంగతో పారిపోయిన పిల్లల కథలు మన పెద్దలు నవ్వుతూ చెప్పేవారు గాని, వారంతా నవ్వుతూ పారిపోయి ఉండరు.

అయినను ఆ పద్ధతిలో రెండు మంచి గుణములున్నవి. మొదటిది, ఒకరి ముద్ద ఒకరు ముట్టని కులముల పిల్లలను ఒకే వరుసలో కూర్చుండబెట్టి అన్నము పెట్టడము. ఆడపిల్లను కూడ ఆ వరుసలోకి తెచ్చారు. రెండవది, మేము ముఖ్యమని తలచేది, బోర్డింగు వెనుక పల్లె బడి ఉండడము. పై మెట్టుకు ఏరేముందు కింద వల విశాలముగా వేశారు. ఎన్నిక కాని పిల్లవానికి కూడ రాత్రి బడి, ఉపదేశిగారు, నాలుగు అక్షరములు మిగిలేవి. ఈ రెండవ గుణమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని మనవి. ముందు ముందు దానితో పని ఉన్నది.

ఇక సర్వేలు సంగతి. 1971 నవంబరు 23న అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామములో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గురుకుల విద్యాలయమును ప్రారంభించింది. ఈ గ్రామము ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావుగారు. ముఖ్యమంత్రి కాకముందు ఆయన విద్యామంత్రిగా పనిచేశారు. ఆయన ఆలోచన సూటియైనది. ధనవంతుని కొడుకుకు కొండల మీద పబ్లిక్ స్కూళ్లు ఉన్నవి. పేద రైతు కొడుకులో అంతటి బుద్ధి ఉన్నా, దానికి తగిన బడి పల్లెలో లేదు. కాబట్టి పబ్లిక్ స్కూలులోని మంచిని తీసుకొని, ఫీజును తీసివేసి, పల్లెలోనే పెట్టాలి. మరుసటి సంవత్సరము కోస్తా ప్రాంతమునకు గుంటూరు జిల్లా తాడికొండలో, రాయలసీమకు అనంతపురము జిల్లా కొడిగెనహళ్లిలో ఇట్టివే మరి రెండు వెలసినవి.

ఈ మూడు పేర్లు తరువాతి ఏండ్లలో పదవ తరగతి ఫలితములు వచ్చిన ప్రతిసారి పత్రికల మొదటి పేజీలో కనబడేవి. రాష్ట్ర ర్యాంకులు పట్టణపు పెద్ద బడులను దాటి పల్లె గురుకులములకు వెళ్లడము మా తరమువారికి వింతగాను, సంతోషముగాను ఉండేది. తరువాత తెలంగాణ పోలీసు శాఖకు డైరెక్టరు జనరలుగా పనిచేసిన ఎం. మహేందర్ రెడ్డిగారు సర్వేలులో చదివినవారే.

ర్యాంకులు ఎట్లు వచ్చినవి? చాలామంది, తెలివిగలవారిని ఏరుకొన్నారు గనుక వచ్చినవి అంటారు. అందులో సగమే నిజము. ఉపాధ్యాయులు బడి ఆవరణలోనే కాపురముండేవారు. సాయంకాలము స్టడీ అవరులో లెక్క తెలియని పిల్లవాడు లేచి వెళ్లి అడగడానికి పంతులుగారు అందుబాటులో ఉండేవారు. పుస్తకము, బట్ట, భోజనము, పడక అన్నీ బడివే. ఎవరి తండ్రికి ఎన్ని ఎకరములున్నవో చొక్కా చూచి చెప్పడానికి వీలు లేదు. పల్లె పిల్లవానికి ట్యూషను పెట్టే స్తోమత లేదు గనుక, బడియే ట్యూషను కావలసి వచ్చింది.

ప్రవేశ నిబంధనలు కూడ ఆలోచించి వ్రాసినవే. ఆంధ్రప్రదేశ్ గురుకుల విద్యాలయముల ప్రవేశ ప్రకటనలలో, తల్లిదండ్రుల ఆదాయమునకు ఒక హద్దు ఉండేది. ఇతర కులముల, వెనుకబడిన తరగతుల పిల్లలు పల్లె బడిలో చదివి ఉండాలి. షెడ్యూల్డు కులముల, తెగల పిల్లలకు ఆ షరతు సడలించారు, ఎందుకనగా పట్టణములోని బస్తీలో ఉన్నంత మాత్రాన వారి బీదరికము తగ్గలేదు. అందరికీ ఒకే కొలబద్ద పెట్టడము న్యాయమని కొందరు వాదిస్తారు. బరువు మోస్తూ పరుగెత్తినవానిని, ఉత్త చేతులతో పరుగెత్తినవానిని ఒకే గడియారముతో కొలిస్తే వేగము తెలుస్తుంది గాని కాళ్ల బలము తెలియదు.

మన ప్రాంతమునకు ఈ ఒరవడి బీచుపల్లిలో వచ్చింది. పెబ్బేరు దాటి కృష్ణ వంతెన దగ్గరకు పోయేవారికి బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి తెలుసు. ఆ ఒడ్డుననే గురుకుల పాఠశాల. ఇటు శ్రీరంగాపూర్ నుండి, అటు గద్వాల నుండి తల్లిదండ్రులు సెలవు దినమున సద్ది మూటలతో పిల్లలను చూడబోయేవారు.

1985 సెప్టెంబరులో పి.వి.గారు కేంద్రములో మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యారు. ప్రధాని రాజీవ్ గాంధీ కాలములో, 1986 జాతీయ విద్యా విధానములో భాగముగా, జిల్లాకొక నవోదయ విద్యాలయము తలపెట్టారు. 1985–86లో మొదటి రెండు హర్యానాలోని ఝజ్జర్‌లోను, మహారాష్ట్రలోని అమరావతిలోను తెరచారు. ఉమ్మడి పాలమూరు జిల్లాకు వచ్చిన నవోదయ బిజినేపల్లి మండలము వట్టెములో ఉన్నది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోగా అది నాగర్‌కర్నూలు జిల్లా పాలయింది, శ్రీరంగాపూర్ వనపర్తి జిల్లాలో కొత్త మండల కేంద్రమైనది.

నవోదయ ఎంపికను తల్లిదండ్రులకు వివరముగా చెప్పడము మంచిది. ఆరవ తరగతిలో 80 సీట్లు. వాటిలో కనీసము 75 శాతము పల్లె పిల్లలకు. మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలో చదివినవారినే పల్లె పిల్లలుగా లెక్కిస్తారు. మూడవ వంతు ఆడపిల్లలకు. షెడ్యూల్డు కులములకు, తెగలకు జిల్లా జనాభాను బట్టి సీట్లు. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగము మార్కులు బొమ్మలను పోల్చి చూచే మానసిక సామర్థ్య ప్రశ్నలకు. తక్కినవి లెక్కలకు, భాషకు. తెలుగులో వ్రాయవచ్చును. తప్పు జవాబుకు మార్కులు కోయరు. అంటే, ఎంత చదివాడు అన్నదానికంటె, ఎంత చదవగలడు అన్నదానిని పట్టుకోవాలని ప్రయత్నము. చేరిన తరువాత తొమ్మిదవ తరగతిలో కొంతమంది పిల్లలను ఒక ఏడాది వేరొక భాషా ప్రాంతపు నవోదయకు పంపుతారు. తెలుగు పిల్లలు హిందీ సీమకు, అక్కడివారు ఇక్కడకు. పొలిమేర దాటని ఇంటినుండి వచ్చిన పిల్లవానికి ఆ ఒక్క ఏడాదిలో దేశమెంతో తెలుస్తుంది.

ఎదురు వాదము లేకపోలేదు, అది బలమైనదే. 1964–66 నాటి కొఠారీ కమిషను, ధనికుడు, పేద తేడా లేక ఇరుగుపొరుగు పిల్లలందరు ఒకే బడిలో చదివే సామాన్య పాఠశాలా పద్ధతి కావాలన్నది. మంచి విద్యార్థిని పల్లె బడినుండి తీసుకుపోతే, మిగిలిన బడి ఏమవుతుంది? అడిగే తల్లిదండ్రులు, ముందు బెంచీ పిల్లలు ఇద్దరూ పోతారు. ఇంగ్లండులో ఈ తగవు ఏండ్ల తరబడి సాగింది. 1944 చట్టము తరువాత అక్కడ 11 ఏండ్ల పిల్లలకు పరీక్ష పెట్టి, నెగ్గినవారిని గ్రామరు స్కూళ్లకు, తక్కినవారిని వేరే బడులకు పంపేవారు. ఉద్దేశము పేదవాని బిడ్డను పైకి తేవడము. జరిగినది, ఇంట పుస్తకములున్న కుటుంబముల పిల్లలు ఎక్కువగా నెగ్గడము. 1965 నుండి చాలా ప్రాంతములు ఆ పద్ధతి మానుకొన్నవి. అయినను 160కి పైగా గ్రామరు స్కూళ్లు నేటికీ ఉన్నవి, వాటిలో నిరుపేదల పిల్లలు నేటికీ తక్కువే.

ఆ అనుభవము మన గడప దాకా వచ్చింది. పట్టణములలో నవోదయ కోచింగు కేంద్రములు వెలసినవి. పల్లె బడి హాజరు పట్టీలో పేరు, పట్టణములో కోచింగు – ఈ పద్ధతి తెలియని ఊరు లేదు. పల్లెకు కేటాయించిన సీటును పట్టణపు డబ్బు కొనుక్కొంటున్నది. మిషను బోర్డింగు వెనుక పల్లె బడి ఉండేదని పైన చెప్పినది ఇందుకే. నేటి గురుకులము, నవోదయ పై మెట్టును మాత్రమే వారసత్వముగా తీసుకొన్నవి. కింది మెట్టు విరిగిన చోట పరీక్ష ఎంత నిష్పక్షపాతముగా జరిగినా, అది ఏరేది అప్పటికే ఏరబడినవారిని.

మన సీమలో కింది మెట్టు ఎట్లున్నది? 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతము కాగా, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో 55 శాతము. నేటి జోగులాంబ గద్వాల జిల్లా సరిహద్దులలో లెక్క కట్టితే 50 శాతమునకు కూడ అందలేదు. పాలమూరు లేబరు అన్న పేరు దేశమంతటా ఉన్నది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తల్లిదండ్రులను తీసుకుపోతే, పిల్లవాడు అవ్వ దగ్గర ఉండిపోతాడు, లేదా వారితో పోయి బడి మానుకొంటాడు. గద్వాల వైపు సీడ్‌పత్తి చేలున్నవి. ఆ పంటలో పువ్వుకు పువ్వు క్రాసింగు చేయడానికి చిన్న చేతులు కావాలని ఆడపిల్లలను దింపేవారు. ఆ పని వానకాలపు నడుమ ముమ్మరముగా ఉంటుంది. ఇటీవలి సంవత్సరములలో నవోదయ దరఖాస్తులు పిలిచేది కూడ ఇంచుమించు ఆ దినములలోనే. పిల్ల చేనులో ఉన్నది, ఫారము బడిలో ఉన్నది.

వందల సంఖ్యలో సాంఘిక సంక్షేమ, గిరిజన, వెనుకబడిన తరగతుల, మైనారిటీ గురుకులములు వచ్చిన తరువాత పరిస్థితి కొంత తేలికపడింది. గురుకులమనగానే ర్యాంకు అనుకొనే రోజులు పోయినవి. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 13 ఏండ్ల వయస్సున ఎవరెస్టు ఎక్కింది, ఆమె చదివినది సాంఘిక సంక్షేమ గురుకులములోనే. అదే జట్టులో ఖమ్మము జిల్లాకు చెందిన ఆనందకుమార్ కూడ ఉన్నాడు. ఆ పిల్లలలోని శక్తిని ఏ ప్రశ్నపత్రము పట్టుకోగలిగేది? ఎంపిక బడి ఒక్క తీరు తెలివినే వెదికితే ఎంత పోగొట్టుకొంటుందో ఆలోచించుకొనవచ్చును.

ఇక మన సంఘములకు సూటిగా తగిలే విషయమొకటి ఉన్నది. ఆదివారము గుడిలో దీనిని గూర్చి ఎవరూ పెదవి విప్పరు గనుక ఇక్కడైనా వ్రాయవలసి ఉన్నది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల గుర్తింపు హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రములో 1970లో వెనుకబడిన తరగతులను విభజించినప్పుడు, క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారిని బి.సి.–సి గ్రూపులో ఉంచి 1 శాతము కేటాయించారు. ఒకే వాడ, ఒకే బావి, ఒకే కూలి. అన్న బిడ్డ బాప్తిస్మము పొందలేదు, తమ్ముని బిడ్డ పొందింది. గురుకులము ఫారము నింపేటప్పుడు ఇద్దరూ రెండు వేరు వేరు వరుసలలో నిలబడతారు. అందువల్ల సర్టిఫికెట్టులో ఒక పేరు, సంఘ రిజిస్టరులో మరొక పేరు ఉన్న ఇండ్లు ఎన్నో. వారిని నిందించే హక్కు మాకు లేదు. పదేండ్ల బిడ్డ విశ్వాసమునకు, బడికి నడుమ బేరము కుదుర్చుకోవలసి రావడము ఆ బిడ్డ చేసిన తప్పు కాదు. రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో ఆ మత నిబంధన తొలగించమన్నది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషను వేశారు.

ఈ విషయములో సంఘములు వెంటనే చేయగల పనులు కొన్ని ఉన్నవి. అవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి సంఘములో ఐదవ తరగతి చదివే పిల్లలు ఎవరెవరో ఒక పట్టీ తయారు చేయవచ్చును. పట్టీలో సంఘస్థుల పిల్లలనే వ్రాయనక్కరలేదు, వాడలో ఉన్నవారందరినీ వ్రాయాలి. ఉపదేశిగారి రాత్రి బడి అట్లే నడిచింది. వలస పోయిన ఇండ్ల పిల్లలను అవ్వ తాతల దగ్గర వెదకి, కుల, ఆదాయ, నివాస పత్రములు వేసవిలోనే తీయించాలి. చివరి వారములో మండల కార్యాలయము ముందు పడిగాపులు పడడము కూలివానికి మూడు దినముల కూలి. డిగ్రీ చదువుతున్న మన యువజనులు శ్రీరంగాపూర్‌లోనో, పెబ్బేరులోనో సాయంకాలము గంటసేపు పాత ప్రశ్నపత్రములు చేయించితే, కోచింగు రుసుము కట్టలేని పిల్లకు అదే కోచింగు. ఎంపిక కాని పిల్లలను అదే గంటలో అట్టే కూర్చుండబెట్టుకొనవచ్చును. వారు తిరిగి వెళ్లేది మన ఊరి బడికే గదా.

నవోదయలో ఎనిమిదవ తరగతి వరకు ఏమీ కట్టనక్కరలేదు. తొమ్మిది నుండి పన్నెండు వరకు కొందరి వద్ద నెలకు కొంత విద్యాలయ వికాస నిధి వసూలు చేస్తారు. ఆడపిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగల పిల్లలకు, దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవారికి అది లేదు. గురుకులములలో ఐదవ తరగతి ప్రవేశమునకు వేరే పరీక్ష ఉన్నది. నాలుగవ తరగతి చదివే పిల్లలు దానికి వ్రాయాలి. నవోదయ ఆరవ తరగతి పరీక్షను మాత్రము ఒక పిల్ల ఒక్కసారే వ్రాయవచ్చును. ఐదవ తరగతిలో ఆ ఏడు దరఖాస్తు దాటిపోతే, మిగిలేది పై తరగతులలో ఎవరైనా ఖాళీ చేసిన సీటు కొరకు పెట్టే పరీక్షయే.